పాత కెర్నల్ బగ్ మీద చెయ్యి వేసే ముందు

కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) ఎవరూ వాడని కోడ్, నాలుగు లైన్ల ప్యాచే (కోడ్ దిద్దుబాటే) కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ నడిచే కోడ్‌లో పొరపాటు చేస్తే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు గోల పెడతారు. మూలన పడున్న కోడ్‌లో చేస్తే గోల పెట్టే దిక్కే ఉండదు.

లినక్స్‌లో డీసీసీపీ సంగతి చూడండి. 2005లో కెర్నల్‌లోకి వచ్చిన నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఇది, వాడేవాళ్లు అరుదు. మామూలు యూజర్‌ని రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) చేయగల బగ్ ఒకటి అందులో ఉన్నట్టు 2017 ఫిబ్రవరిలో గానీ బయటపడలేదు. ఐపీవీ6 సాకెట్‌లో (నెట్‌వర్క్ కోసం ప్రోగ్రామ్ తెరిచే ద్వారం) ఒక ఆప్షన్ ఆన్ చేసి ఉంటే, కనెక్షన్ కోసం వచ్చిన ప్యాకెట్‌ని కెర్నల్ దాచుకుని, దాని రిఫరెన్స్ కౌంట్ (ఎన్నిచోట్ల వాడుకలో ఉందన్న లెక్క) ఒకటి పెంచేది. ఆ వెంటనే ప్యాకెట్‌ని పారేసే డిస్కార్డ్ లేబుల్‌కి దూకేది. అక్కడి ఫంక్షన్ కౌంట్ చూడకుండానే ప్యాకెట్ మెమరీని ఫ్రీ చేసేసేది, అది ఇంకా వాడుకలో ఉన్నా సరే. కౌంట్ చూసి వదిలే ఫంక్షన్‌ని పిలవడంతో సమస్య తీరింది. విచిత్రం ఏంటంటే, ఇదే తప్పుని అందరూ వాడే ప్రోటోకాల్ టీసీపీలో చాలా ముందే దిద్దారు. డీసీసీపీ వైపు మాత్రం ఎవరూ తొంగి చూడలేదు.

అందుకే బగ్ దొరకగానే అలాంటి కోడ్ ఇంకెక్కడెక్కడ ఉందో గ్రెప్ కమాండ్‌తో వెతకండి.

గిట్ చరిత్ర (కోడ్‌ని ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారన్న రికార్డు) కూడా ఓపిగ్గా చదవాలి. మామూలు యూజర్‌ని రూట్ చేయగల మరో కెర్నల్ బగ్ డర్టీ కౌని లినక్స్ సృష్టికర్త లైనస్ తోర్వాల్డ్స్ 2005లోనే దిద్దబోయారు. ఎస్390 మెషీన్ల (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల) మీద ఇబ్బంది రావడంతో ఆ మార్పుని వెనక్కి తీశారు. మళ్లీ దిద్దింది 2016 అక్టోబర్‌లో. ఆ ప్యాచ్ కూడా హ్యూజ్ పేజీల (మామూలు కంటే పెద్ద మెమరీ ముక్కల) దగ్గర ఒక సందు వదిలేసిందని ఏడాది తర్వాత తేలింది. మీ ల్యాప్‌టాప్‌లో నడిచిందంటే అన్నిచోట్లా నడిచినట్టు కాదు.

టెస్టింగ్ క్యూఈఎంయూ వర్చువల్ మెషీన్‌లో, కెర్నల్ మెమరీ తప్పుల్ని పట్టే కేసన్ ఆన్ చేసి చేయండి. పని చేసుకునే మెషీన్ జోలికి వెళ్లొద్దు, ఫైల్‌సిస్టమ్ బగ్ అయితే అసలే వద్దు. ప్యాచ్ లేనప్పుడు కేసన్ రిపోర్ట్ రావాలి, పెట్టాక రాకూడదు. ఈ రెండూ చూడకుండా "తప్పులా కనిపిస్తోంది" అని పంపే ప్యాచ్‌ల మీద నాకు నమ్మకం లేదు.

పనిలో పనిగా ఇండెంటేషన్ సర్దడం, పేర్లు మార్చడం వద్దు. ఈ ప్యాచ్ పాత స్టేబుల్ కెర్నల్స్‌కీ (దిద్దుబాట్లు ఇంకా అందుకునే పాత వెర్షన్లకీ) వెళ్లాలి, ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. ఏ కమిట్‌తో (గిట్‌లో నమోదైన మార్పుతో) బగ్ వచ్చిందో 'ఫిక్సెస్' లైన్‌లో రాయండి. సెక్యూరిటీ బగ్ అనిపిస్తే ముందు ఆ కోడ్ చూసుకునే మెయింటెయినర్‌కీ కెర్నల్ సెక్యూరిటీ టీమ్‌కీ ప్రైవేట్‌గా చెప్పండి.

ప్యాచ్ సర్వర్ల దాకా వచ్చేలోపు బగ్ ఉన్న మాడ్యూల్ (అవసరమైనప్పుడు కెర్నల్‌లోకి ఎక్కే కోడ్ ముక్క) లోడ్ కాకుండా, మాడ్యూళ్లని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ సెట్టింగ్స్‌లో ఆపేయండి. మాడ్యూల్ వాడకంలో లేదు కదా అంటే కుదరదు, మామూలు యూజర్ సాకెట్ తెరిస్తే చాలు, దానంతటదే లోడ్ కావచ్చు. ఇప్పటికే లోడై ఉంటే సెట్టింగ్ మార్చినంత మాత్రాన పోదు, ఎల్ఎస్‌మాడ్ కమాండ్‌తో చూసి తీసేయాలి.

ఆ కోడ్ అసలు ఉండాలా అని మెయింటెయినర్‌ని అడగడంలో తప్పు లేదు. డీసీసీపీని 2025లో కెర్నల్ నుంచి తీసేశారు కూడా. కానీ ముందు ప్యాచ్ పంపండి, తీసేసే మాట ఆ తర్వాత. పాత కెర్నల్స్‌లో ఆ కోడ్ అలాగే ఉంటుంది.