ఆర్వీ కడగడం అంటే ముందు రూఫ్ ఎక్కడమే

ఇక్కడ టెక్సాస్‌లో మనవాళ్ళు కూడా ట్రావెల్ ట్రైలర్లు, అంటే బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లులాంటి ఆర్వీలు, కొంటున్నారు. కొన్నాక మొదట అడిగేది "అన్నా, ఏ వ్యాక్స్ వాడాలి, కొత్తదానిలా మెరవాలంటే ఏం చెయ్యాలి" అని. మెరుపు సంగతి తర్వాత చూద్దాం, ఆర్వీకి అసలు శత్రువు నీళ్ళు. కారు బాడీ అంతా రేకు, ఆర్వీ అలా కాదు, చాలావాటికి ఫ్రేమ్ మీద పల్చటి ప్లైవుడ్ అంటించి, పైన ఫైబర్‌గ్లాస్ షీట్ వేసి, దానికి కిటికీలకి వెంట్లకి బొక్కలు కొట్టి చుట్టూ సీలెంట్ పూస్తారు. అది ఎక్కడ పగిలినా నీళ్ళు లోపలికి దిగి ప్లైవుడ్ కుళ్ళి, బయట గోడ బుడగలా ఉబ్బుద్ది, డీలామినేషన్ అంటారు దీన్ని, అది వచ్చాక రిపేర్ కొటేషన్ వింటే బండి అమ్మేద్దాం అనిపిస్తది. కాబట్టి నా లెక్కలో కడగడం అంటే బండి మొత్తం ఒకసారి చేత్తో తడిమి చూసుకోడం, శుభ్రం అవడం బోనస్.

ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి, వేడి బాడీ మీద సబ్బు ఎండితే మరకలు పోవు. ముందు పక్కలు ఒకసారి నీళ్ళతో తడిపి అప్పుడు రూఫ్ కడగండి, అప్పుడు పైనుంచి కారే మురికినీళ్ళు పొడి గోడకి అంటుకోవు. రూఫ్ మీద నడవచ్చో లేదో మాన్యువల్‌లో చూసుకోండి, వెనకున్న నిచ్చెనకి బరువు లిమిట్ ఉంటది అది కూడా చూడండి, నడవకూడదంటే పక్కన వేరే నిచ్చెన వేసుకుని పొడుగు కర్ర బ్రష్‌తో కానివ్వండి. సబ్బు పడ్డ రబ్బర్ రూఫ్ ఎంత జారుద్దో ఎక్కినోళ్ళకే తెలుసు. ఈపీడీఎం రబ్బర్ రూఫ్ అయితే మెత్తటి బ్రష్, మైల్డ్ సబ్బు చాలు, పెట్రోలియం సాల్వెంట్లు, సిట్రస్ క్లీనర్లు మాత్రం వద్దు, రబ్బర్ పాడవుద్ది. పాతబడేకొద్దీ ఆ రూఫ్ నుంచి తెల్లపొడి రాలి పక్కల్లో చారలు పడతాయి, కంగారు పడకండి, దాని నైజమే అంత.

రూఫ్ ఆరాక అసలు పని. ప్రతి వెంట్, స్కైలైట్, యాంటెన్నా చుట్టూ, ముందు వెనక అంచుల పొడుగునా సీలెంట్‌ని బొటనవేలితో నొక్కుతూ పోండి. కొంచెం మెత్తగా ఉండి రూఫ్‌ని పట్టుకునుంటే పర్లేదు. గట్టిపడి వెంట్రుక మందం పగులు కనిపించినా, అంచు లేచి గోరు కిందకి దూరినా ఆరోజే పని పట్టాలి, పైకి చిన్నగా కనిపించే పగులే లోపల ఎక్కువ తాగుద్ది. పాతది గట్టిగా అంటుకునుంటే పీకక్కర్లేదు, శుభ్రంగా తుడిచి పైన కొత్తది వేసేయొచ్చు. చదునుగా ఉన్నచోట డైకార్ కంపెనీది లాంటి సెల్ఫ్ లెవెలింగ్ (తనంతట తనే పరుచుకునే) సీలెంట్, నిలువు అంచుల్లో జారని రకం వాడండి. ఇంట్లో బాత్రూంకి తెచ్చిన సిలికాన్ మిగిలింది కదా అని పూసేయకండి, తర్వాత దాని మీద ఇంకేదీ అతుక్కోదు. వానాకాలం ముందు పెంకులు సర్దుకున్నట్టు ఈ చెకింగ్ మూడ్నెల్లకోసారి పెట్టుకుంటే మంచిది.

పక్కలకి ప్రెషర్ వాషర్ నేనైతే వాడను, వాడతాం అంటే వెడల్పు నాజిల్‌తో దూరం నుంచి కొట్టండి, స్టిక్కర్ల అంచుల మీద, కిటికీ సీళ్ళ మీద వద్దు, ఫ్రిజ్ వెంట్, ఫర్నెస్ వెంట్లలోకి అసలే వద్దు. హ్యూస్టన్ వైపు తిరిగితే మే, సెప్టెంబర్‌లో లవ్‌బగ్స్ అనే నల్ల పురుగులు ముందు భాగమంతా అతుక్కుంటాయి, రోజులు వదిలేస్తే పెయింట్ తినేస్తాయి, తడి టవల్ కాసేపు పరిచి నానాక తుడిస్తే గీతలు పడవు. గోడ మీద చెయ్యి రాస్తే తెల్లపొడి వస్తుందా, ఆక్సిడేషన్ అన్నమాట, దానిమీద డైరెక్ట్‌గా వ్యాక్స్ రుద్దితే డబ్బులు దండగ, ముందు పాలిష్‌తో ఆ పొర తీసి అప్పుడు పడవలకి వాడే మెరైన్ వ్యాక్స్ వేయండి. ఆస్టిన్, శాన్ ఆంటోనియో వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ కదా, ఆరేదాకా వదలకుండా తుడిచేయండి.

ఇంటి ముందు కడగడానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) ఒప్పుకోకపోతే, చాలా ఆర్వీ పార్కుల్లోనూ కడగనివ్వరు, హైవే మీద బ్లూ బీకన్ లాంటి ట్రక్ వాష్‌లున్నాయి. రూఫ్ చెకింగ్ మాత్రం మీరే చేసుకోవాలి.

ఆనింగ్‌కి (పక్కన విప్పుకునే గుడ్డ పందిరి) ఓ చిట్కా, విప్పి సబ్బునీళ్ళు కొట్టి మళ్ళీ చుట్టేసి కొద్ది నిమిషాలు ఉంచండి, రెండో వైపుకి కూడా సబ్బు అదే పడుద్ది, తర్వాత విప్పి కడిగి పూర్తిగా ఆరనివ్వండి, తడిగా చుడితే బూజే. స్లైడ్ (బయటికి జరిగే గది భాగం) మూసేముందు పైనున్న ఆకులు ఊడ్చేయండి, లేకపోతే సీల్ చినుగుద్ది.

టైర్లు ట్రెడ్ (పైన గాళ్ళు) చూసి మోసపోవద్దు, వయసు చూడండి. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు, 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. ట్రైలర్ ఎక్కువకాలం ఎండలో ఊరికే నిలబడే ఉంటది, పక్కగోడలు పగిలిపోతాయి, అందుకే కవర్లు వేయండి, ఐదారేళ్ళు దాటితే మార్చే ఆలోచన చేయండి. నల్లగా మెరిసే పెట్రోలియం డ్రెస్సింగులు పూయకండి. చివరిగా ఫర్నెస్, వాటర్ హీటర్ వెంట్లలో టార్చ్ వేసి చూడండి, కందిరీగలు మట్టిగూళ్ళు పెట్టేస్తాయి, గూడు తీసేస్తే చలికాలం హీటర్ వేసినప్పుడు తిప్పలుండవు.