అద్దె ఇంటి అసలు ఖర్చు తెలియాలంటే 11తో భాగించి చూడండి

హైదరాబాద్‌లో ఇల్లు వెతికేటప్పుడు టు-లెట్ బోర్డు వేసిన యజమాని చెప్పే అద్దె ఒకటైతే, చివరికి మన జేబులోంచి పోయేది మరొకటవుతుంది. ఈమధ్య రెండు ఇళ్ల మధ్య తేల్చుకోలేక, అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకున్నాను. అద్దెకు మెయింటెనెన్సు కలిపి, బ్రోకరు కమీషను, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోసుకునే పెయింటింగు ఖర్చు రెండింటినీ 11తో భాగించి దానికి చేర్చాలి. అగ్రిమెంటు సాధారణంగా 11 నెలలకే రాస్తారు కదా.

మొదటి ఇంటి అద్దె 15,000, మెయింటెనెన్సు 2,000, కమీషను ఒక నెల అద్దె, పెయింటింగుకు మరో నెల అద్దె. అంటే నెలకు దాదాపు 19,730 రూపాయలు. రెండో ఇంటి అద్దె 16,500, మెయింటెనెన్సు 1,500, బ్రోకరు లేడు, పెయింటింగుకు 8,000 అని ముందే ఒప్పుకున్నారు. అది 18,730 దగ్గర ఆగింది. ఖరీదైనదనుకున్న ఇల్లే నెలకు వెయ్యి రూపాయలు చవక. వేసవిలో నీళ్ల ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్సులోనే ఉందా, విడిగా పంచుతారా అన్నది వాచ్‌మన్‌ను అడిగితే నిజం తెలుస్తుంది.

అయితే ఎక్కువ కాలం ఉండేవారికి ఈ లెక్క తిరగబడుతుంది. మొదటి ఇంట్లో కమీషనుకూ పెయింటింగుకూ కలిపి ఒకసారే పోయే 30,000 మూడేళ్ల మీద పరుచుకుంటే మొదటి ఇల్లే కాస్త చవకవుతుంది కనుక, 11కు బదులు మీరు నిజంగా ఉండబోయే నెలలతో భాగించుకోండి.