కారు మీద తుప్పు మచ్చ: బయట పుట్టిందా, లోపల పుట్టిందా?

విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో కారు ఉన్నవాళ్లకు తుప్పు కొత్త సంగతి కాదు. ఇనుముకు నీరూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది, ఉప్పు తోడైతే ఇంకా తొందరగా తినేస్తుంది. అయినా మచ్చ కనపడగానే ఎమరీ పేపరు పట్టుకుని రుద్దకండి. తుప్పు పైనుంచి లోపలికి వెళ్తోందా, లోపలినుంచి పైకి వస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. మొదటిదైతే ఇంట్లోనే చేసుకోగల పని. రెండోదైతే పైన ఎంత అందంగా రంగు వేసినా అదే చోట మళ్లీ పొంగుతుంది.

తెల్ల కారు నిండా సన్నటి నారింజ చుక్కలు

ఇది చాలామందిని అనవసరంగా భయపెడుతుంది. చాలాసార్లు ఇది కారు రేకు తుప్పు కాదు. రైలు పట్టాల పక్కన, ఉక్కు కర్మాగారాల దగ్గర గాలిలో తేలే ఇనుప రజను, మన బ్రేకుల నుంచి రాలే పొడి రంగుకు అంటుకుని, అక్కడే తుప్పు పడతాయి. వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. ఇనుప రజను కరిగించే స్ప్రే దొరుకుతుంది. నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టండి. చుక్కల చుట్టూ ఊదా రంగు దిగుతుంది, అది ఆరిపోకముందే కడిగేయండి. మిగిలినవాటిని సబ్బు నీటితో తడిపి, మెత్తటి మట్టి ముద్దలా ఉండే క్లే బార్‌తో మెల్లగా తీయండి. ఎమరీ పేపరుతో పని లేదు.

బానెట్ మీద రాయి తగిలిన చోట గోధుమ మచ్చ

లారీ వెనక వెళ్తుంటే ఎగిరిన కంకర రాయి రంగును, దాని కింద వేసిన ప్రైమర్ (రేకుకు పట్టించే మొదటి పూత)ను లేపేస్తుంది, రేకు బయటపడుతుంది. చుట్టూ రంగు గట్టిగా ఉండి, మధ్యలో మాత్రమే మచ్చ ఉంటే తుప్పు బయట పుట్టినదే.

వాన లేని, గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. మచ్చను కడిగి ఆరబెట్టి, చుట్టూ మాస్కింగ్ టేపు అంటించండి. ముఖానికి మాస్కు, కళ్లద్దాలు, చేతికి తొడుగులు ఉండాలి. 120 నంబరు పేపరుతో మొదలుపెట్టి, తుప్పు పోయి వెండిలా మెరిసే రేకు కనపడేదాకా రుద్దండి. తర్వాత 320తో రంగు అంచును పల్చబరచండి. కళ్లు మూసుకుని వేలు పోనిస్తే మెట్టు తగలకూడదు.

ఇప్పుడు వంగి దగ్గరగా చూడండి. మెరిసే రేకులో సూదిమొన అంత నల్లటి గుంటలు కనిపిస్తాయి. పేపరు అందని ఆ గుంటల్లోనే తుప్పు బతికి ఉంటుంది. రస్ట్ కన్వర్టర్ అనే, తుప్పును గట్టి పొరగా మార్చే మందును సన్నటి కుంచెతో అక్కడ అద్దితే నల్లబడుతుంది. సీసా మీద రాసినంత సేపు ఆరనివ్వండి, తొందరపడకండి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేయండి. ఉత్త రేకును రాత్రంతా వదిలితే మన తీరప్రాంతపు తేమకు తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమర్ ఆరాక 600తో నీళ్లు పోస్తూ రుద్ది, కారు రంగు కోడ్ ప్రకారం తెచ్చిన రంగు పల్చగా రెండు మూడు పూతలు, పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శక పూత) వేయండి. కోడ్ చాలా కార్లకు డోరు తెరిస్తే స్తంభం మీదో, బానెట్ కిందో స్టిక్కరు మీద ఉంటుంది. స్ప్రే డబ్బాను 20-25 సెంటీమీటర్ల దూరంలో కదుపుతూ కొట్టండి. ఒకే చోట ఆగితే రంగు కారుతుంది. మచ్చ గింజంతే ఉంటే టచప్ బ్రష్ చాలు. మైనం పాలిష్ నెల రోజుల దాకా పెట్టకండి.

డోరు కింది అంచున రంగు బుడగల్లా పొంగడం

ఇది లోపల పుట్టిన తుప్పు. అద్దం పక్కనుంచి డోరులోకి దిగే వాన నీరు బయటికి పోవడానికి కింది అంచున చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఆకులు వాటిని మూసేస్తే నీరు అక్కడే నిలిచి రేకును తినేస్తుంది. చీపురుపుల్ల పెట్టి మెల్లగా పొడవండి. నల్లటి బురద, దాని వెనకే నీళ్లు కారితే కారణం దొరికినట్టే. ముందు రంధ్రాలన్నీ తెరిచి, లోపల కడిగి, ఒకటి రెండు రోజులు ఎండలో ఆరనివ్వాలి. తర్వాతే బుడగలను గీకాలి. బుడగ రూపాయి బిళ్లంత ఉంటే, రంగు లేపాక కింద తుప్పు అంతకు రెండింతలు పాకి ఉండటం మామూలే. కింద గట్టి రేకు ఉంటే పైన చెప్పిన పద్ధతే, చివర్లో రంధ్రాలు మూసుకోకుండా డోరు లోపలికి తుప్పు నిరోధక మైనం స్ప్రే చేయాలి.

గుంట లోతుగా ఉంటే లప్పం పెట్టవచ్చు, కానీ తుప్పు మీద మాత్రం వద్దు. లప్పం తేమను పీలుస్తుంది, కింద మిగిలిన తుప్పుకు నీళ్లు అందిస్తుంది.

తుప్పు చోట నొక్కి చూసినప్పుడు స్క్రూడ్రైవర్ మొన దిగిపోతే

రేకు కుళ్లిపోయింది, ఇది ఇంటి పని కాదు. డోరు కింద ఉండే సిల్, సీటు బెల్టు బిగించిన చోటు, సస్పెన్షన్ బిగించిన చోటు అయితే ప్రమాదంలో ప్రాణాలకే ముప్పు. టింకరింగ్ షెడ్డులో కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ వేడికి రేకు లోపలి వైపు పూత కాలిపోతుంది. అక్కడ కూడా ప్రైమర్, మైనం పట్టించారో లేదో మూసేయకముందే దగ్గరుండి చూసుకోండి.