రాత్రి పడుకునే ముందు ప్రోటీన్ తినాలా? మన గోదావరి తిండితోనే లెక్క సర్దుకోవడం ఎలా

సాయంత్రం ఏడింటికి జిమ్‌కి వెళ్లి, ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి, ఇంత అన్నం, వంకాయ కూర, మజ్జిగతో కానిచ్చి పదింటికల్లా పడుకునే కుర్రాళ్లు అమలాపురం నుంచి భీమవరం దాకా ఊరూరా ఉన్నారు. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. కండ రావట్లేదని అడిగితే జిమ్‌లో ఒకాయన పడుకునే ముందు తాగమని ప్రోటీన్ పొడి డబ్బా చేతిలో పెట్టాడు. డబ్బా ఖాళీ అయింది, తేడా మాత్రం తెలియలేదు. పొద్దుటి నుంచి నేను తినే తిండిలో ప్రోటీన్ ఎంతుందో ఎప్పుడూ లెక్క వేసుకోకపోవడమే అసలు కారణం. అందుకే ముందు ఆ లెక్క తేల్చుకోండి, రాత్రి సంగతి తర్వాత.

మీ బరువు ఎన్ని కిలోలో దాన్ని 1.6తో గుణించండి. రోజుకి అన్ని గ్రాముల ప్రోటీన్ కావాలన్నమాట, 70 కిలోల మనిషికి 112 గ్రాములు వస్తుంది. బరువులు ఎత్తేవాళ్ల మీద జరిగిన 49 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, సగటున కిలోకి ఈ 1.6 గ్రాములు దాటాక ఇంకా తిన్నా కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. వ్యాయామం లేని మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలోకి 0.83 గ్రాములే, కాబట్టి జిమ్‌కి వెళ్లనివాళ్లు 1.6 అని టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు మన పళ్లెం చూడండి. పొద్దున్న నాలుగు ఇడ్లీ, కొబ్బరి చట్నీ కలిపి 10 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, కప్పు పెరుగు అన్నీ కలిపితే 20 చిల్లర. రెండు టీలు, రాత్రి కూరన్నం, మజ్జిగ కూడా వేసుకున్నా రోజు మొత్తం 50 దాటడం కష్టం. వండిన అన్నం వంద గ్రాములు తింటే వచ్చేది రెండున్నర గ్రాములు మాత్రమే మరి. చుట్టూ చేపల చెరువులు, కోళ్ల ఫారాలు, పెరట్లో గేదె ఉన్న ప్రాంతంలో ఉండి కూడా సగం లోటుతో పడుకుంటున్నాం, అదే నాకు బాధ.

ఇక రాత్రి విషయం. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు దీని మీద చాలా పని చేశారు. 2012లో సాయంత్రం వ్యాయామం చేసిన యువకులకు పడుకునే ముందు 40 గ్రాముల కేసిన్ ఇస్తే, నిద్రలో కండరాల ప్రోటీన్ తయారీ ఇవ్వనివాళ్లకంటే సుమారు 22 శాతం ఎక్కువగా నమోదైంది. కేసిన్ అంటే కొత్తదేం కాదు, పాలలో ఉండే ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం అదే. కడుపులో గడ్డకట్టి నిదానంగా అరుగుతుంది. 2015లో 44 మంది యువకులు 12 వారాలు బరువులెత్తితే, రాత్రి 27.5 గ్రాముల ప్రోటీన్ తాగినవాళ్లకు బలమూ కండా ఎక్కువ పెరిగాయి. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, డబ్బాలు అమ్మేవాళ్లు దీన్ని చెప్పరు. రాత్రి తాగినవాళ్ల రోజు మొత్తం కిలోకి 1.9 గ్రాములు, తాగనివాళ్లది 1.3. మరి లాభం వేళ వల్ల వచ్చిందా, ఎక్కువ తిన్నందువల్ల వచ్చిందా? నా మట్టుకు మొత్తమే ముఖ్యం. మన దగ్గర లోటు ఎక్కువగా ఉండేది రాత్రి పూటే కాబట్టి ఆ పూట పూడ్చుకోవడం తేలిక.

ఎలా పూడ్చాలంటే, పొద్దున్న ఇడ్లీ బదులు రెండు పెసరట్లు వేసుకోండి, 75 గ్రాముల పెసలు పడితే 18 గ్రాములు వస్తుంది. వాటితో రెండు ఉడికించిన గుడ్లు తింటే మరో 12. మధ్యాహ్నం ఎప్పుడూ తినే పప్పు, పెరుగుతో పాటు ముల్లు తీసి వంద గ్రాములుండేలా శీలావతో బొచ్చో వేసుకుంటే ఇంకో 18. సాయంత్రం గుప్పెడు వేరుశనగ గింజలు, అది 7. రాత్రి ఎప్పటి భోజనమే. పడుకునే ముందు పెద్ద గ్లాసు గేదె పాలు, రెండు గుడ్లు, అక్కడ 21 దాకా వస్తుంది. అన్నీ కూడితే 112కి అటూ ఇటూగా తేలుతుంది, డబ్బా అవసరం రాలేదు. 2024లో పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లో కూడా కండ కోసం ప్రోటీన్ పొడులు వద్దనే చెప్పారు.

గుడ్లు తిననివాళ్లు లీటరు పాలు విరగ్గొట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, ఆ ముద్దలో సగం రాత్రికి, సగం మర్నాటికి ఉంచుకోండి. పూట పూటకీ 15 గ్రాములు వస్తుంది. పెరుగు మీదే ఆధారపడదామంటే 20 గ్రాముల కోసం అర కిలో తినాలి, అది అందరి వల్లా కాదు. పాలు పడక పొట్ట ఉబ్బరించేవాళ్లకి మాత్రం గ్లాసు పాల కంటే కప్పు పెరుగే నయం. ఈనిన గేదె ఇంట్లో ఉంటే జున్ను పాలల్లోనూ ప్రోటీన్ బాగా ఉంటుంది, బెల్లం తగ్గించి వండమని అమ్మకి చెప్పండి.

మీరు తొమ్మిదిన్నరకి తిని పదిన్నరకి పడుకునేవాళ్లయితే ఆ భోజనమే మీ పడుకునే ముందు ప్రోటీన్. మధ్యాహ్నం చేపని రాత్రికి మార్చుకుంటే చాలు, పడుకునే ముందు మళ్లీ పాలు, గుడ్లు అక్కర్లేదు, మొత్తం తగ్గకుండా వాటిని పగలే తినేయండి. కాకపోతే కారం, నూనె తేలే పులుసు తిని వెంటనే వాలితే ఛాతీలో మంట వస్తుంది, దానికి రెండు మూడు గంటల ఎడం ఉండాలి. అంత ఎడం కుదరనివాళ్లు పులుసుని మధ్యాహ్నానికే ఉంచేసి రాత్రి పాలు, గుడ్లతో సరిపెట్టుకోండి, పాల మీద మీగడ తీసేస్తే ఇంకా తేలిగ్గా అరుగుతాయి. రాత్రి తింటే కొవ్వు పడుతుందన్న భయం మాత్రం వద్దు. రోజంతా తిన్నది ఖర్చుకి మించితేనే ఒళ్లు వస్తుంది, అందుకని పాలల్లో రెండు చెంచాల పంచదార మానేయండి.

ఇంట్లో నాన్నగారో తాతయ్యగారో ఉంటే ఆయన గురించీ ఆలోచించండి. పెద్ద వయసులో కండ తనంతట తాను తగ్గిపోతుంది, వాళ్లు రాత్రి పూట రెండు ఇడ్లీలతో సరిపెడతారు. పక్కన గుడ్డో, గ్లాసు పాలో పెట్టండి. అయితే ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నా, రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే కొలత) ఎక్కువుందని ఎప్పుడైనా డాక్టరు చెప్పినా, పైన రాసిన 1.6 లెక్క వాళ్లకి వర్తించదు, డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

నేను జిమ్‌కి బయల్దేరే ముందే గుడ్లు ఉడికించి పెట్టుకుంటాను. తిరిగొచ్చాక అలసటలో పొయ్యి వెలిగించడం ఎవరి వల్లా కాదు, ఆ బద్ధకంలోనే మజ్జిగన్నంతో సరిపెట్టేస్తాం.