శ్రుతి వినడం నేర్చుకుందాం – మూడవ పాఠం: తంబురలోని గాంధారం

గత పాఠంలో తంబుర మధ్య తీగలు రెండిటినీ, అంటే సారణిని, అనుసారణిని కలిపాం. రెండు తీగలు దాదాపు ఒకే శ్రుతిలో ఉన్నప్పుడు శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుందనీ, ఆ ఊపులే విస్పందనాలనీ, అవి నెమ్మదించి ఆగిపోయేదాకా తీగ శ్రుతిని సవరించే పూసను జరపాలనీ చెప్పుకున్నాం. ఆ సాధన ఇంకా కుదరనివారు దానికే మరికొన్ని రోజులు కేటాయించండి. ఇవాళ్టి పాఠం చివర్లో విస్పందనాలను లెక్కపెట్టవలసి ఉంటుంది.

తంబురకు నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. గాంధారానికి తీగ లేదు. అయినా బాగా శ్రుతి చేసిన తంబురలో అంతర గాంధారం వినిపిస్తుంది. విద్వాంసులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఈ మాట చెబితే చాలామంది మర్యాదకు తల ఊపుతారు కానీ, వారికది వినిపించదు. అది కొందరికే దక్కే వరం కాదు. వినికిడి సవ్యంగా ఉన్న ఎవరి చెవిలోకైనా ఆ గాంధారం ఇప్పటికే చేరుతోంది. దాన్ని పట్టుకోవడమే ఇవాళ్టి పని.

ముందు అది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఒకటో కట్ట శ్రుతిలో (కీబోర్డు ‘సి’) మంద్ర షడ్జం తీగ సెకనుకు సుమారు 65.4 సార్లు కంపిస్తుంది. అదే సమయంలో ఆ తీగ రెండు, మూడు, నాలుగు, అయిదు భాగాలుగా కూడా కంపిస్తుంది. అందువల్ల 130.8, 196.2, 261.6, 327 హెర్ట్జ్‌ల (సెకనుకు కంపనాల) వద్ద అనుస్వరాలు పుడతాయి. మొదటిది మధ్య షడ్జం, రెండోది పంచమం, మూడోది తార షడ్జం. నాలుగోదైన 327 హెర్ట్జ్ స్వరమే తార స్థాయి అంతర గాంధారం. తీగ వాద్యాలన్నిటిలో ఈ అనుస్వరాలు ఉంటాయి. తంబురలో అవి మరింత బలంగా, ఎక్కువసేపు నిలుస్తాయి. దానికి కారణం కింద తీగలు ఆనే, వాలుగా ఉన్న గుర్రం, దాని మీద తీగ కింద దూర్చే జీవ దారం. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ కలకత్తాలో ఉండగా, 1921లో, ఈ విషయం మీద పరిశోధన పత్రం రాశారు. తీగను ఏ బిందువు వద్ద మీటితే ఏ అనుస్వరం పుట్టకూడదో ధ్వనిశాస్త్రం చెబుతుంది. తంబుర, వీణల గుర్రాల మీద మాత్రం పుట్టకూడని ఆ అనుస్వరాలు కూడా పుడుతున్నాయని ఆయన గమనించారు. మన వాద్యాలు చేసిన వడ్రంగుల చెవిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం పొంగుతుంది.

ఇక చెవి సంగతి. లోపలి చెవిలో చుట్టలు తిరిగి ఉండే కర్ణావర్తంలో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవైన సన్నని పొర ఉంటుంది. మొదట్లో బిగువుగా, ఇరుకుగా ఉండి, చివరికి వెళ్ళేకొద్దీ వెడల్పుగా, వదులుగా మారుతుంది. హెచ్చు స్వరాలు మొదటి భాగాన్ని, మంద్ర స్వరాలు చివరి భాగాన్ని ఎక్కువగా కదిలిస్తాయి. ఈ కదలికలను కనిపెట్టి వివరించిన గేయోర్గ్ ఫాన్ బేకేషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. మన పాఠానికి కావలసింది ఇది: తంబుర తీగలోని మొదటి ఆరేడు అనుస్వరాలు ఆ పొర మీద వేరువేరు చోట్లను కదిలిస్తాయి. అంటే 327 హెర్ట్జ్ గాంధారానికి మీ చెవిలో తనదైన చోటు ఉంది. చెవి విడదీసినదాన్ని మెదడు మళ్ళీ కలుపుతుంది. ఈ అనుస్వరాలన్నీ ఒకే తీగవని గ్రహించి, వాటన్నిటినీ ‘ఒక మంద్ర షడ్జం’గా మనకు అందిస్తుంది. పులిహోర తినేటప్పుడు ఇంగువను విడిగా గుర్తించాలంటే, ముందు ఇంగువ ఒక్కదాని వాసన తెలిసి ఉండాలి. ఇక్కడా అంతే. ముందు గాంధారాన్ని విడిగా వినాలి. అనుస్వరాలను వినే పద్ధతిగా 1863లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ సూచించినదీ ఇదే: వెతుకుతున్న స్వరాన్ని ముందు మెల్లగా మోగించి, అది ఆగీ ఆగకముందే వాద్యాన్ని వినాలి.

మొదటి సాధన. గుర్రం నుంచి పైన తీగ ఆనే పట్టీ దాకా మంద్ర తీగ పొడవు కొలవండి. 90 సెంటీమీటర్లుంటే దానిలో అయిదో వంతు 18. పైపట్టీ నుంచి 18 సెంటీమీటర్ల వద్ద, నొక్కకుండా, తీగను వేలి కొనతో తాకి ఉంచి, తీగ మధ్యలో మీటండి. మీటిన వెంటనే వేలు తీసేయండి. అప్పుడు వినిపించే సన్నని స్వరమే మన గాంధారం. స్వరం స్పష్టంగా రాకపోతే వేలిని కాస్త పైకీ కిందికీ జరిపి చూడండి. నాలుగైదుసార్లు విన్నాక, అది చెవిలో ఉండగానే తీగను ఏమీ తాకకుండా మామూలుగా మీటండి. మీటిన క్షణంలో వెతకవద్దు. మీటిన దెబ్బ చప్పుడు తగ్గిన తర్వాత గాంధారం పైకి తేలుతుంది. ఒకసారి పట్టుబడ్డాక మళ్ళీ పోగొట్టుకోవడం కష్టం.

సొంత తంబుర లేనివారు గొంతుతోనే మొదలుపెట్టవచ్చు. షడ్జాన్ని కదపకుండా నిలిపి, ఒకే ఊపిరిలో ‘ఊ’ నుంచి ‘ఓ’, ‘ఆ’, ‘ఏ’ల మీదుగా ‘ఈ’ దాకా చాలా నెమ్మదిగా జరగండి. నోటి ఆకారం మారుతున్నకొద్దీ ఒక్కో అనుస్వరం బలపడి, షడ్జం పైన సన్నని స్వరాలు వరుసగా వినిపిస్తాయి. స్నానాల గదిలో ఇది మరీ తేలిక. ఆ తర్వాత అసలు తంబురను రికార్డు చేసిన యాప్‌ను హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని వినండి.

ఫోను స్పీకరులోనే వినేవారికి ఒక ముచ్చట చెప్పాలి. అంత చిన్న స్పీకరు 65 హెర్ట్జ్ ధ్వనిని దాదాపు పలికించలేదు. అయినా మీకు మంద్ర షడ్జం వినిపిస్తూనే ఉంటుంది! 196, 262, 327 వంటి అనుస్వరాలు చెవికి చేరితే చాలు. వాటన్నిటికీ మూలం 65.4 అని మెదడు తేల్చుకుని, లేని స్వరాన్ని వినిపిస్తుంది. పాత ల్యాండ్‌లైను ఫోన్లు 300 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదాన్ని వదిలేసేవి. మగవారి గొంతు మూల స్వరం తరచుగా 100 హెర్ట్జ్ దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా అవతల మాట్లాడుతున్నది నాన్నగారో అమ్మో మనం పొరబడలేదు. ఉన్న గాంధారాన్ని మరుగుపరచేదీ, లేని మంద్రాన్ని వినిపించేదీ మెదడు చేసే ఈ కలిపే పనే. సాధనకు మాత్రం ఫోను స్పీకరు చాలదు. మంద్రం నిజంగా మోగుతూ ఉంటేనే దాని మీద గొంతు ఆనుతుంది.

రెండో సాధనకు కీబోర్డు కావాలి. తంబురను కీబోర్డు ‘సి’ మీటకు సరిగ్గా కలపండి. మంద్ర తీగ ఒక్కదాన్నే మీటి, మధ్య ‘సి’కి కుడివైపు రెండో తెల్ల మీటను వేణువు ధ్వనిలో, చాలా తగ్గించి మోగించండి. శబ్దం సెకనుకు రెండున్నర సార్లకు పైగా ఊగుతుంది. ఎందుకంటే కీబోర్డు గాంధారం 329.6 హెర్ట్జ్, తంబుర గాంధారం 327. సమాన విభాగాలతో చేసిన కీబోర్డులో గాంధారం సుమారు 14 సెంట్లు హెచ్చు (కీబోర్డులో ఒక స్వరానికీ దాని పక్క స్వరానికీ మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). పంచమంలో తేడా 2 సెంట్లే కాబట్టి అది మనల్ని ఇబ్బంది పెట్టదు.

ఇప్పుడు కీబోర్డు ఆపేసి, అదే మంద్ర తీగ మీద మీరు గాంధారం పాడండి. మధ్య స్థాయిలో పాడినా చాలు, మీ గొంతులోని మొదటి అనుస్వరం వెళ్ళి 327 దగ్గరే తగులుతుంది. ఊపులు ఆగేదాకా గొంతును వెంట్రుకవాసి దించుతూ చూడండి. ఆగినచోట రెండు ధ్వనులూ ఒకటైపోతాయి. శంకరాభరణంలో గాంధారాన్ని కదపకుండా నిలిపేటప్పుడు కావలసింది ఆ చోటే. తోడిలో, అంతర గాంధారం కన్నా తగ్గుగా ఉండే సాధారణ గాంధారం పాడుతున్నప్పుడు కూడా తంబురలో ఈ అంతర గాంధారం మోగుతూనే ఉంటుంది. అందుకు కంగారుపడి మీ గాంధారాన్ని దానివైపు లాగవద్దు.

శ్రుతి చూపే యాప్‌ను ఈ సాధనలో దగ్గర పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వాటిలో ఎక్కువ భాగం కీబోర్డు కొలతనే ప్రమాణంగా తీసుకుంటాయి. తంబురతో చక్కగా కలిసిన గాంధారాన్ని అవి తగ్గిందని చూపిస్తాయి. దాన్ని నమ్మి గొంతు పెంచితే, పక్కన మోగుతున్న తంబురతోనే గొడవ మొదలవుతుంది.

ఈ వారమంతా రోజూ మొదటి సాధన పది నిమిషాలు, రెండోది అయిదు నిమిషాలు చేయండి. అంతకు మించితే చెవి అలసి, లేనిది ఉన్నట్టు తోస్తుంది. వారం చివర్లో షడ్జం, గాంధారం, పంచమాలను తంబురతో పాడి ఫోనులో రికార్డు చేసి ఉంచుకోండి. మన గొంతు మనకు గాలిలోంచే కాక ఎముకల గుండా కూడా చేరుతుంది కాబట్టి, పాడుతున్నప్పుడు వినిపించేదానికీ రికార్డులో వినిపించేదానికీ తేడా ఉంటుంది. నాలుగో పాఠాన్ని ఆ రికార్డు దగ్గరే మొదలుపెడదాం.