మోరో లోయలో ఎక్కి, గట్టు మీదుగా సముద్రం వైపు దిగే దారి

ఇర్వైన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి క్రిస్టల్ కోవ్ అనగానే గుర్తుకు వచ్చేది సముద్రపు ఒడ్డు. అయితే 1979లో కాలిఫోర్నియా ప్రభుత్వం కొని పార్కుగా మార్చిన ఆ భూమిలో సుమారు 2,400 ఎకరాలు పసిఫిక్ కోస్ట్ హైవేకు ఇవతలి పక్కన, కొండల్లోనే ఉన్నాయి. మోరో లోయ వెంట లోపలికి నడిచి, మోరో గట్టు ఎక్కి, గట్టు మీదుగా తిరిగి సముద్రం వైపు దిగితే ఒక చుట్టు పూర్తవుతుంది. తాపీగా నడిచేవారు దీనికి ఒక పూట కేటాయించుకోవాలి.

ఈ నడకలో మోసం చేసేది లోయ. ఉదయం పూట అక్కడ నీడ ఉంటుంది, దారి వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంటుంది, అందుచేత వెంట తెచ్చుకున్న నీళ్ళు సరిపోతాయనే అనిపిస్తుంది. గట్టు మీద మాత్రం తల దాచుకోవడానికి ఒక్క చెట్టు కూడా ఉండదు. మొదటిసారి నేను సెప్టెంబరులో పదకొండు గంటలకు బయలుదేరి, లోయలోనే సగం నీళ్ళు తాగేసి, గట్టు మీద నాలుక పిడచకట్టుకుపోయి దిగాను. కొండల్లో ఎక్కడా తాగునీరు దొరకదు కనుక మనిషికి రెండు లీటర్లు తీసుకువెళ్ళాలి, గట్టు ఎక్కేసరికి అందులో సగానికి పైగా మిగిలి ఉండాలి. పులిహోర పొట్లం బరువు కాదు, పైగా చెమటతో పోయిన ఉప్పును తిరిగి ఇస్తుంది.

ఎల్ మోరో సందర్శకుల కేంద్రం దగ్గర రుసుము చెల్లించి కారు నిలిపి, పటం తీసుకోండి. లోపల ఫోను సిగ్నలును నమ్ముకోకూడదు. అక్కడున్న బడి పక్కగా దిగే దారి లోయ అడుగుకు చేరిన చోట ఎడమకు తిరిగి, సముద్రానికి వీపు పెట్టి లోపలికి నడవాలి. కొంత దూరం పోయాక కుడి వైపున ఈస్ట్ కట్ అక్రాస్ అనే దారి వస్తుంది. మొత్తం నడకలో ఊపిరి తిప్పుకోనివ్వని ఎక్కుడు ఇదే. అడుగులు చిన్నవిగా వేస్తూ, మాట్లాడగలిగినంత వేగంతో మాత్రమే ఎక్కాలి. పైన మోరో గట్టు కలిసిన చోట కుడికి తిరిగితే సముద్రం ఎదురుగా ఉంటుంది. ఎడమకు తిరిగితే దారి ఇంకా పైకి, ఇంకా దూరం పోతుంది.

ఈ చుట్టును తిరగేసి నడవవద్దని నా సలహా. ఆ నిట్ట ఎక్కుడును దిగుడుగా మార్చుకుంటే, గట్టినేల మీద పరచుకున్న సన్నటి గులకరాళ్ళు చెప్పు కింద రాగిగింజల్లా జారతాయి. పైగా ఎండ ముదిరే వేళకు సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. గట్టు మీదుగా దిగేవారికి అది ముఖానికి తగులుతుంది. పొగమంచు లేని రోజున కాటలీనా దీవి ఆ దారంతా కనబడుతూనే ఉంటుంది. మే, జూన్ నెలల్లో ఉదయం మబ్బు కమ్ముకొని ఉండడం మామూలే.

దారి పక్క మొక్కల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. లోయలోని ఓక్ చెట్ల నీడన మూడేసి ఆకులు ఒక్క తొడిమెకు పట్టుకొని ఉండే పాయిజన్ ఓక్ పెరుగుతుంది. మామిడి, జీడిమామిడి కుటుంబానికే చెందిన మొక్క ఇది. జీడిగింజ రసం తగిలితే చర్మం పొక్కినట్టే, దీని జిడ్డు తగిలినా దురద, పొక్కులు రోజుల తరబడి వేధిస్తాయి. చలికాలంలో ఆకులు రాలిపోయి మోడు పుల్లలా కనిపించినా వాటికీ ఆ జిడ్డు ఉంటుంది. నిండు ప్యాంటు వేసుకొని దారి నడుమనే నడవడం, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కొని ఆ బట్టలను విడిగా ఉతకడం మంచిది. ఎండ కాచే రోజుల్లో త్రాచు కాదు గాని, గిలక పాము (రాటిల్‌స్నేక్) దారికి అడ్డంగా పడుకొని ఉండవచ్చు; ఆగి, అది తప్పుకొనేదాకా దూరంగా నిలబడాలి.

సైకిళ్ళవారు నడిచేవారికి దారి ఇవ్వాలన్నది నియమం, కానీ గట్టు దిగుడులో వెనుక నుంచి వేగంగా వస్తారు కనుక చెవుల్లో పాటలు వద్దు. గుర్రాలు వస్తే మనమే పక్కకు తప్పుకోవాలి. కొండల్లోకి కుక్కలను అనుమతించరు. వాన పడితే దారులు మూసివేస్తారు; ఇక్కడి బంకమట్టి మన నల్లరేగడిలాగే చెప్పులకు గడ్డలు కడుతుంది. లోపలి ఎడారి నుంచి వేడి శాంటా ఆనా గాలులు వీచే రోజుల్లో అసలు వెళ్ళకూడదు. 1993 అక్టోబరులో లగూనా మంటలు ఈ కొండలను కాల్చింది అలాంటి గాలిలోనే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే గట్టు సంగతి మరచిపోండి. వారికి చెప్పులు కాకుండా బూట్లు వేయించి, లోయలో ఓక్ నీడ దాకా నడిపించి, వచ్చిన దారినే వెనక్కి తీసుకురండి. గట్టు దిగినవారు కొసన బి.ఎఫ్.ఐ. అనే దారి పట్టుకొని లోయ ముఖం దగ్గరికి చేరుకుంటారు. మోకాళ్ళు నొప్పి పెట్టేది ఈ చివరి దిగుడులోనే కనుక చేతికర్ర ఉంటే ఇక్కడ బయటకు తీయాలి. అక్కడి నుంచి హైవే కింది సొరంగం గుండా ఒడ్డుకు వెళ్ళి కాళ్ళు తడుపుకోవచ్చు, అయితే కారు దగ్గరికి తిరిగి మళ్ళీ కొంత ఎక్కాలని గుర్తుంచుకొని, సూర్యాస్తమయానికి పార్కు మూసేలోగా బయటపడేటట్టు చూసుకోండి.