అన్సిబుల్ ప్లేబుక్ కొన్ని సర్వర్లలోనే ఫెయిలవుతోందా? ఎక్కడ వెతకాలంటే

చాలా సర్వర్లను ఒకేసారి సెటప్ చేసే టూల్ అన్సిబుల్, అది చేయాల్సిన పనులు (టాస్కులు) రాసిన ఫైలే ప్లేబుక్. పది క్లౌడ్ సర్వర్లలో ఎన్‌జిన్ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) వేసి, దాని కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్) పెట్టమని ప్లేబుక్ నడిపారు. ఏడింటిలో పని అయిపోయింది, మూడింటిలో ఎర్ర అక్షరాలు. టెన్షన్‌లో మళ్లీ మళ్లీ నడిపే ముందు చివర్లో వచ్చే ప్లే రీక్యాప్ (సర్వర్‌వారీగా ఫలితాల సారాంశం) చదవండి. అన్‌రీచబుల్ అని ఉంటే చాలావరకు సర్వర్ లోపలికే వెళ్లలేకపోయిందని అర్థం. ఫెయిల్డ్ అని ఉంటే లోపలికి వెళ్లింది, అక్కడ పని చెడింది.

సమస్య: అన్‌రీచబుల్

అన్సిబుల్‌ను పక్కనపెట్టి, అదే యూజర్‌తో, అదే కీతో మామూలు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్) చేసి చూడండి. ఎంతసేపటికీ జవాబు రాక టైమౌట్ అయితే సెక్యూరిటీ గ్రూప్‌లో (క్లౌడ్ ఫైర్‌వాల్) ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు మీ ఐపీకి తెరిచి లేదన్నమాట. లేదా సర్వర్ ఐపీయే మారింది. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) ఎలాస్టిక్ ఐపీ, అంటే మారని ఐపీ, లేని సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే పబ్లిక్ ఐపీ మారిపోతుంది. ఇన్వెంటరీలో (అన్సిబుల్ చూసే సర్వర్ల జాబితా) ఐపీలు చేత్తో రాసుకునే పద్ధతి అక్కడితో మానేసి, ట్యాగుల ఆధారంగా సర్వర్లను వెతికే డైనమిక్ ఇన్వెంటరీకి మారండి.

పర్మిషన్ డినైడ్ అంటే ముందు యూజర్ పేరు చూడండి. ఏడబ్ల్యూఎస్‌లో ఉబుంటు ఇమేజ్‌కి ఉబుంటు, అమెజాన్ లినక్స్‌కి ఈసీ2-యూజర్, డెబియన్‌కి అడ్మిన్. కీ ఫైల్ పర్మిషన్ 600 ఉండాలి.

ఎస్ఎస్‌హెచ్ బాగానే ఉన్నా అన్‌రీచబుల్ వస్తోందా? సర్వర్‌లో డిస్క్ నిండిందేమో చూడండి. తాత్కాలిక ఫోల్డర్ తయారు చేసుకోలేకపోయినా అన్సిబుల్ ఇదే మాట చెబుతుంది.

సమస్య: కొత్తగా లేచిన సర్వర్లలో మాత్రమే ఏపీటీ లాక్ దొరకలేదంటోంది

ఏపీటీ అంటే ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్, ఒకేసారి ఇద్దరు వాడకుండా అది లాక్ వేసుకుంటుంది. ఈ ఎర్రర్ పాత సర్వర్లలో రాదు, పావుగంట ఆగి నడిపితే కొత్తవాటిలోనూ రాదు. అందుకే దీన్ని చాలామంది నెట్‌వర్క్ మీదకు నెట్టేస్తారు. అసలు కారణం వేరు. ఉబుంటు సర్వర్ మొదటిసారి లేచినప్పుడు క్లౌడ్-ఇనిట్ (కొత్త సర్వర్‌ను సెటప్ చేసే ప్రోగ్రామ్) తన పనులు చేసుకుంటూ ఉంటుంది, ఆటోమేటిక్ అప్‌డేట్లు కూడా అప్పుడే మొదలుకావచ్చు. ఎస్ఎస్‌హెచ్ మాత్రం అంతకుముందే తెరుచుకుంటుంది. మీ ప్లేబుక్ దూరే సమయానికి ప్యాకేజీల డేటాబేస్ వేరేవాళ్ల చేతిలో ఉంటుంది.

లాక్ ఫైల్ డిలీట్ చేయమనే సలహా వినకండి. సగంలో ఉన్న ఇన్‌స్టలేషన్ చెడిపోతే దాన్ని బాగుచేయడం పెద్ద పని. దానికి బదులు ప్లేబుక్‌లో మొట్టమొదటి టాస్క్‌గా క్లౌడ్-ఇనిట్ స్టేటస్ కమాండ్‌ను వెయిట్ ఆప్షన్‌తో పెట్టండి. కొత్త వెర్షన్లలో ఇది చిన్న వార్నింగ్ ఉన్నా 2 అనే రిటర్న్ కోడ్ ఇస్తుంది కాబట్టి 0, 2 రెండింటినీ ఓకేగా తీసుకోమని రాయండి. ఏపీటీ మాడ్యూల్‌లో (మాడ్యూల్ అంటే ఒక్కో రకం పని చేసే అన్సిబుల్ భాగం) లాక్ టైమౌట్, అంటే లాక్ కోసం ఆగే సమయం, మామూలుగా 60 సెకన్లు, దాన్ని 300 చేయండి.

సమస్య: అంతా ఆకుపచ్చగా ఉంది, సర్వీస్ మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తోంది

అన్నిటికన్నా ప్రమాదం ఇదే, ఎందుకంటే ఎర్రర్ ఏదీ కనపడదు.

జరిగేది ఇది. టెంప్లేట్ టాస్క్ కాన్ఫిగ్ ఫైల్‌ను మార్చి, రీస్టార్ట్ చేయమని హ్యాండ్లర్‌కు (మార్పు జరిగితేనే నడిచే టాస్క్) చెబుతుంది. హ్యాండ్లర్ వెంటనే నడవదు, టాస్కులన్నీ అయ్యాక నడుస్తుంది. ఈలోగా ఆ సర్వర్‌లో తర్వాతి టాస్క్ ఏదో ఫెయిలైతే హ్యాండ్లర్ ఊసే ఉండదు. మీరు ఆ టాస్క్‌ను సరిచేసి మళ్లీ నడుపుతారు. ఇప్పుడు ఫైల్ ఇప్పటికే కొత్తది, టెంప్లేట్ టాస్క్‌కు మార్చేదేమీ లేదు, కాబట్టి హ్యాండ్లర్‌ను పిలవదు. రీక్యాప్ చూస్తే ఏ లోపమూ లేదు.

నిర్ధారించుకోవాలంటే సర్వీస్ ఎప్పుడు మొదలైందో, కాన్ఫిగ్ ఫైల్ ఎప్పుడు మారిందో పోల్చండి. ఫైల్ మారాక సర్వీస్ రీస్టార్ట్ గానీ రీలోడ్ గానీ కాకపోతే అనుమానం నిజమే. అప్పటికి ఆ సర్వర్లన్నిటిలో ఒక్క కమాండ్‌తో రీస్టార్ట్ చేయండి. శాశ్వతంగా అయితే కాన్ఫిగ్ టాస్కులు అవగానే ఫ్లష్ హ్యాండ్లర్స్ (పిలిచిన హ్యాండ్లర్లను అక్కడికక్కడే నడిపేది) పెట్టండి. టాస్క్ ఫెయిలైనా హ్యాండ్లర్లను నడిపే ఫోర్స్ హ్యాండ్లర్స్ సెట్టింగ్ కూడా ఉంది గానీ, నాకైతే మొదటిదే నచ్చుతుంది. రీస్టార్ట్ ఎక్కడ జరుగుతుందో ప్లేబుక్ చదివితే చాలు, తెలిసిపోతుంది. ఎన్‌జిన్ఎక్స్‌కైతే రీస్టార్ట్ కన్నా రీలోడ్ మేలు. కాన్ఫిగ్‌లో తప్పుంటే పాతదానితోనే సైట్ నడుస్తూ ఉంటుంది.

సమస్య: ప్రతిసారీ ఛేంజ్డ్ అని వస్తోంది

షెల్ లేదా కమాండ్ మాడ్యూల్ వాడి ఉంటారు. అది నడిస్తే చాలు, మార్పు జరిగిందనే అంటుంది. అదే పనికి ప్రత్యేక మాడ్యూల్ ఉంటే అది వాడండి, లేకపోతే క్రియేట్స్ షరతు (చెప్పిన ఫైల్ ఇప్పటికే ఉంటే టాస్క్ నడపొద్దని) పెట్టండి.

సమస్య: ఒకే ప్లేబుక్, సర్వర్‌కో వెర్షన్

స్టేట్ ప్రెజెంట్ అంటే ప్యాకేజీ ఉంటే చాలని అర్థం. ఏడాది కిందటి సర్వర్‌లో అప్పటి వెర్షన్, నిన్నటి సర్వర్‌లో నిన్నటిది ఉంటాయి. లేటెస్ట్ అని రాస్తే ఏ రోజు ఏ అప్‌గ్రేడ్ వచ్చి పడుతుందో మన చేతిలో ఉండదు. ప్యాకేజీ పేరు పక్కనే వెర్షన్ నంబర్ రాసేయండి. దాన్ని మార్చిన రోజు సీరియల్ 1 పెట్టి నడిపితే ఒక్కో సర్వర్‌లోనే పని జరుగుతుంది. మొదటిది ఫెయిలైతే ప్లే అక్కడే ఆగుతుంది, మిగతా తొమ్మిదీ పాత వెర్షన్‌తో నడుస్తూనే ఉంటాయి.